బల్ల పడే కష్టం

"పదీ పదీ ఇరవయ్యా, కాదా మాస్టారూ? ఒక్క ముక్కలో చెప్పండి."

స్టాఫ్ రూములో కుర్చీ పట్టనంతగా కూర్చున్న కృష్ణమూర్తి నూజివీడులో పేరున్న మామిడి వ్యాపారి. మనవరాలు పూజితకి ఫిజిక్సులో ఒక మార్కు పోయిందని స్వయంగా దయచేశాడు. వస్తూ వస్తూ చిన్నరసాల బుట్ట తెచ్చి బల్ల మీద పెట్టాడు. బుట్టకీ మార్కుకీ ఏ సంబంధమూ లేదని అడక్కుండానే చెప్పాడు.

పెట్టెను తూర్పుకి పది న్యూటన్లతో ఒకరు, పడమరకి పది న్యూటన్లతో ఇంకొకరు లాగితే ఫలిత బలం ఎంత? ఇదీ ప్రశ్న. పూజిత ఇరవై అని రాసింది.

"సున్నా అండీ," అన్నాడు చార్లెస్ మాస్టారు. "ఇద్దరూ ఒకే వైపు లాగితే ఇరవై. ఎదురెదురుగా లాగితే కొట్టేసుకుంటాయి."

"తల నెరిసిందాకా కాటాలే వేశాను. పదీ పదీ కలిపి సున్నా అన్నవాణ్ణి చూళ్ళేదు." కృష్ణమూర్తి గొంతు తగ్గించాడు. "అన్నట్టు, మీ నాన్న ఇన్నయ్య ముసునూరు నుంచి కాయ తెస్తున్నాడంటగా? సాయంత్రం మా యార్డులోనే కాటా."

గాలివానకి రాలగా మిగిలిన కాయంతా నాన్న తెస్తున్న ట్రాక్టర్లోనే ఉంది. తరుగని చెప్పి ఈయన టన్నుకి ఇన్ని కేజీలు ఎందుకు కోస్తాడో ఏ రైతుకీ తెలీదు. అడిగితే ఆయనకీ తెలీదు. ఆ మార్కేదో పడేస్తే పోయేది. కానీ అర్థమయ్యేలా చెప్తే ఎలాంటి మనిషైనా మారతాడని చార్లెస్ నమ్మకం. టీచర్ ట్రైనింగులో పట్టుకున్న జబ్బు, ఇంకా వదల్లేదు.

"ఈ బుట్టనే చూడండి. బరువు కిందికి లాగుతోంది. మరి ఎందుకు పడట్లేదు?"

"బల్ల ఉంది కాబట్టి."

"ఆ బల్ల కింద నుంచి పైకి తోస్తోందండీ. రెండూ సమానం. అందుకే ఫలితం సున్నా."

"బల్ల తోస్తుందా? దానికేమన్నా చేతులున్నాయా?"

"మీ చేతులు పెట్టి చూడండి."

చార్లెస్ బుట్ట ఎత్తి ఆయన అరచేతుల్లో పెట్టాడు. కాసేపటికే కృష్ణమూర్తి మొహం కందిపోయింది, మోచేతులు వణికాయి.

"బాబోయ్, దించండి!"

"ఆ కష్టమేనండీ, ఇందాకట్నుంచీ బల్ల పడుతోంది."

కృష్ణమూర్తి చేతులు నలుపుకుంటూ బల్లకేసి చాలాసేపు చూశాడు. జీవితంలో మొదటిసారి ఆయన మొహంలో జ్ఞానం కనిపించింది.

"మరి కాటా మీద పెట్టినా ఇంతేనా?"

"అంతేనండీ. కాయ బరువెంతో, కాటా అంత బలంగా పైకి తోస్తుంది."

"పాపం, ఇన్నాళ్ళూ ఆ కాటా ఉత్తపుణ్యానికి చాకిరీ చేస్తోందన్నమాట!" కృష్ణమూర్తి లేచి దణ్ణం పెట్టాడు. "కళ్ళు తెరిపించారు మాస్టారూ. మార్కేం వద్దు."

మార్కు వద్దనుకున్నాడు కాబట్టి బుట్ట కూడా తీసుకెళ్ళిపోయాడు. అయినా చార్లెస్ ఆనందం పట్టలేకపోయాడు. అబద్ధం మార్కు వెయ్యలేదు, నాన్న కాయకీ ముప్పు తప్పింది, పైగా ఒక వ్యాపారికి ఫిజిక్సు ఎక్కింది.

సాయంత్రం స్టడీ అవర్లో ఉండగా ఇన్నయ్య ఫోన్ చేశాడు.

"ఒరే, కాటా కాయని పైకి తోస్తుందని చెప్పింది నువ్వేనంట్రా?"

"అవున్నాన్నా! ఆయనకి బాగా అర్థమైందా?"

"బ్రహ్మాండంగా అర్థమైంది. పాత తరుగు ఎలాగూ కోశాడు. దాని మీద 'కాటా కష్టం' అని ఇంకో తరుగు కోశాడు. ఇదేంటయ్యా అంటే, చార్లెస్ మాస్టార్నడగండి, సైన్సు అంటున్నాడు. నాకొక్కడికే కాదురా, యార్డుకొచ్చిన రైతులందరికీ కోశాడు."

"తరుగు కొయ్యమని నేను చెప్పలేదు నాన్నా!"

"నువ్వు ముందు స్కూల్లోంచి బయటపడు. ఇరవై మంది దాకా ఉన్నారు, అందరూ ఒకే వైపు వస్తున్నారు!"