ఇరవై ఏడో ఇంటర్వ్యూ

"ఈ వయసులో ఎమ్మెస్సీ ఏంటక్కా? హాయిగా వార్డులో సీనియర్ సిస్టర్ అనిపించుకుంటూ కూర్చోక!"

తోటి విద్యార్థినులు అలా అడిగినప్పుడల్లా ఆమె నవ్వి ఊరుకునేది. వాళ్లకు పాతికేళ్లు. ఆమెకు నలభై నాలుగు. అందుకే చేరిన వారానికే అందరికీ పెద్దక్క అయిపోయింది. అసలు ఆమె నర్సింగులో అడుగుపెట్టిందే ముప్పయ్యో ఏట. ఇప్పుడు పగలంతా క్లాసులు, సాయంత్రం వార్డులో డ్యూటీ. కాళ్లు దిమ్మల్లా వాచేవి. అయినా ఒక్క పూట మానలేదు. నర్సు కాబోయే పిల్లలకు పాఠం చెప్పాలి. అదొక్కటే పట్టు.

పరిశోధనకు విషయం ఎంచుకోమన్నారు. అందరూ తేలిగ్గా తేలిపోయేవి రాసిచ్చారు. పెద్దక్క మాత్రం 'మందులివ్వడంలో నర్సుల పొరపాట్లు, వాటిని దాచడానికి కారణాలు' అని రాసింది.

గైడు మేడమ్ కళ్లజోడు తీసి బల్లమీద పెట్టింది.

"తేనెతుట్టెను కదుపుతానంటావ్. ఎవరు నోరు విప్పుతారు?"

"పేర్లు రాయను మేడమ్. ఊరవతల పాత ఆసుపత్రిలో చేసి రిటైరైనవాళ్లనే అడుగుతాను."

"నువ్వు పనిచేసే ఆసుపత్రి పక్కనే ఉందిగా. రెండు బస్సులు మారి ఆ పాత ఆసుపత్రివాళ్ల చుట్టూ తిరగడం ఎందుకు?"

"అక్కడ పనిచేసినవాళ్ల జాబితా దొరికింది మేడమ్."

క్లాసులో గుసగుసలు మొదలయ్యాయి. "ఈవిడ చేతిలోనూ ఏదో జరిగే ఉంటుందే! లేకపోతే గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకోవడం దేనికి?"

పెద్దక్క విన్నది. కాదనలేదు.

ఇంట్లో ఉండేది ఇద్దరే. భర్త బస్సు డ్రైవరు. ఆమె ప్రశ్నల కాగితాలు సర్దుకుంటుంటే కంచం తెచ్చి ముందు పెట్టాడు.

"తెలుసుకున్నాక మాత్రం మనసు కుదుటపడుతుందా?"

"తెలియక పడిందా?" అంది ఆమె.

అతను కాగితాలు పక్కకు జరిపి నీళ్ల గ్లాసు పెట్టాడు.

ఇరవై ఆరుగురిని కలిసింది. కొందరు తలుపే తియ్యలేదు. కొందరు "మా చేతులమీదుగా అలాంటివేం జరగలేదమ్మా" అని టీ ఇచ్చి పంపేశారు. ఒకావిడ పక్కవాళ్ల తప్పులు పది చెప్పి, తనదొక్కటీ చెప్పలేదు.

ఇరవై ఏడో ఆవిడ మూడో అంతస్తులో ఒంటరిగా ఉంటోంది. మోకాళ్లకు పట్టీలు, మంచం పక్కన చేతికర్ర. రికార్డరు చూసి ముందు భయపడింది.

"పేరు రాయవుగా?"

"రాయనమ్మా."

"అయితే చెప్తాను. పదహారేళ్లుగా గొంతుకు అడ్డంపడి ఉంది."

పిల్లల వార్డట. తన బదులు రావాల్సిన సిస్టర్ రాలేదు. రెండో షిఫ్టు కూడా తనే చేస్తోంది.

"ఆరేళ్ల పిల్లాడు. జ్వరం తగ్గింది. మర్నాడు ఇంటికి పంపాలి. మందు ఎక్కించాక సూది గొట్టంలోకి కాసిని నీళ్లు పంపాలి కదా. ట్రేలో రెండు చిన్న సీసాలున్నాయి, కవల పిల్లల్లా. ఒకటి నీళ్లు, ఒకటి పొటాషియం. పేరు చదవకుండా తీశాను. అది నేరుగా రక్తంలోకి పోతే గుండె ఆగిపోదూ? నీకు తెలియంది ఏముంది."

"ఇంట్లోవాళ్లకు ఏం చెప్పారు?" పెద్దక్క కాగితం చూస్తూ అడిగింది.

"జ్వరం గుండెకెక్కిందన్నారు. డాక్టరుగారికీ అనుమానం రాలేదు. ఖాళీ సీసా నా జేబులో ఉంది."

"తల్లి దగ్గర లేదా?"

"పాలు తేవడానికి కిందికెళ్లింది. తిరిగొచ్చి ఒక్క కేక పెట్టింది చూడూ... నేను బాత్రూములో దాక్కున్నాను. వార్డు నిండా తల్లులే, ఈనాటికీ ఆ తల్లి ముఖం ఎలా ఉంటుందో నాకు తెలీదు. ఆ కేక ఒక్కటే తెలుసు."

పెద్దక్క కాగితం మీంచి తలెత్తింది. మెల్లగా అడిగింది.

"బాబు బాధపడ్డాడా?"

ఆ ప్రశ్న కాగితంలో లేదు.

"లేదమ్మా. రెప్పపాటు. దానికి ముందు, 'అమ్మ వస్తోందా?' అనడిగాడు. మెట్లెక్కుతోంది నాన్నా అన్నాను."

పెద్దక్క అది కూడా రాసుకుంది.

ఆవిడ అరచేత్తో కళ్లు తుడుచుకుంది. "ఆ తల్లి ఇప్పుడు ఎక్కడుందో! ఎదురుపడితే క్షమిస్తుందంటావా?"

"తెలీదమ్మా."

రికార్డరు ఆపి లేచింది. గుమ్మం దాకా వెళ్లి, మళ్లీ వెనక్కొచ్చి ఆవిడ చెయ్యి పట్టుకుంది. "ఇన్నాళ్లకైనా చెప్పారు" అంది. ఆ సాయంత్రం బస్టాపులో ఆమె ఎక్కాల్సిన బస్సులు మూడు వచ్చి వెళ్లిపోయాయి.

ఏడాది తిరిగేసరికి డిగ్రీ చేతికొచ్చింది. నర్సింగు స్కూల్లో టీచరు ఉద్యోగమూ వచ్చింది.

మొదటి క్లాసు. నలభై మంది పిల్లలు, మడత నలగని యూనిఫారాలు. ఎవరి పేరూ ఎత్తకుండా ఆ పిల్లాడి సంగతంతా చెప్పింది. సీసామీద పేరు మూడుసార్లు చదవాలంది. అలమారులోంచి తీసేటప్పుడు, సిరంజిలోకి ఎక్కించేటప్పుడు, రోగికి ఇచ్చే ముందు. పొరపాటు జరిగితే ఆ నిమిషమే నోరు విప్పాలంది.

ముందు వరుసలో ఒకమ్మాయి లేచింది. కళ్లు ఎర్రబడి ఉన్నాయి.

"మరి ఆ సిస్టర్ ఆ తల్లికి నిజం ఎప్పుడూ చెప్పలేదా మేడమ్?"

"చెప్పింది తల్లీ," అంది పెద్దక్క, "నా ఎదురుగా కూర్చుని అంతా పూసగుచ్చినట్టు చెప్పింది, వింటున్నది ఆ తల్లేనని తెలియక."