రెండో ఇస్పేటు రాణి

ఒకప్పుడు పేకాటలో ఒకరి ముక్కలు ఒకరికి చెప్పుకుంటే మెడపట్టి గెంటేవారట. ఇప్పుడు చెవి వెనక పూస లేని జంటను భీమిలి కేసినోలో కూర్చోనివ్వరు. ఒకరు మనసులో తలుచుకున్న ముక్క ఆ పూసలో రెండోవారికి వినిపిస్తుంది. గౌరునాయుడు, అతని భార్య వరహాలు ఇరవై ఏళ్లుగా అలాగే ఆడి ఇల్లు నెట్టుకొస్తున్నారు. ముందు ఆమె తలుచుకోవాలి, తర్వాత అతను. అది వాళ్ల పద్ధతి.

ఆ మధ్యాహ్నం అతనికి ఇస్పేటు రాణి వచ్చింది. తన వంతు కోసం చూస్తుండగా పూసలో వరహాలు గొంతు పలికింది: "ఇస్పేటు రాణి."

పేకలో ఆ రాణి ఒక్కటే ఉంటుంది. పూసకు అబద్ధం రాదు, మనసులో ఏముంటే అదే చెబుతుంది. కిందటి ఆటలో ఆమెకు వచ్చిన రాణి ఆమె మనసులోంచి ఇంకా కదల్లేదు. పోయినేడు చనిపోయిన చెల్లెలికి చీర కొందామని పొద్దున ఆమె అన్నప్పుడు, నిద్రమత్తులే అనుకున్నాడు.

"నీకేటొచ్చింది మావా? పలకవేటి?" అంది వరహాలు పక్కకు వంగి. గెలిచేస్తామన్న సంబరం ఆమె ముఖంలో.

నిజం తలిస్తే ఆమెకు వినిపిస్తుంది. గౌరునాయుడు తన ముక్కల్ని బోర్లించి పడేశాడు.

"నాకేటీ రాలేదే. రాణి నీకాడే ఉంది, నువ్వాడు," అన్నాడు.

నోటితో అంటే చాలదు. పూస కూడా ఆ మాటే చెప్పాలంటే, కళ్లారా చూసిన రాణిని అతను నిజంగా మరిచిపోవాలి. కళ్లు మూసుకుని, వరహాలు లాగే తనూ మరిచిపోవడం మొదలుపెట్టాడు.