కేసెట్ రెండో వైపు

“గురక పెడ్తనే గని, ఊపిరెట్ల ఆగుతది? ఆగితే పొద్దుగాల ఛాయ్ తాగిందెవరు, నా దయ్యమా?” కొమురెల్లి మూడోసారి అదే మాట అని నవ్వాడు.

“గట్ల ఆగితే గుండె ఖరాబైతదని దవాఖాన నర్సమ్మ చెప్పింది,” అంది భార్య లస్మవ్వ. నిన్న రాత్రి మంచం కింద టేప్‌రికార్డర్ పెట్టింది తనే. దుబాయిలోని మరిదికి ఇంటిల్లిపాదీ మాటలు నింపి పంపే కేసెట్ రెండో వైపు తిప్పి, ఇప్పుడు అందరి ముందూ మీట నొక్కింది.

గురక మొదలైంది. పిల్లలు గంతులేశారు. అత్త రామవ్వ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. గురక పెరిగి పెరిగి, ఠక్కున ఆగిపోయింది.

“అయిపోయిందా అవ్వా?” అడిగింది చిన్నపిల్ల.

కాలేదు. కేసెట్ తిరుగుతూనే ఉంది. అందులో గడియారం టిక్కుటిక్కుమంటోంది. ఎక్కడో కుక్క మొరిగింది. ఊపిరి మాత్రం లేదు. లస్మవ్వ లెక్కపెడుతుంటే రెండు చేతుల వేళ్ళూ అయిపోయాయి. మళ్ళీ మొదలుపెట్టింది. రామవ్వ చెయ్యి చాచి, ఎదురుగా కూర్చున్న కొడుకు ఛాతీ తడిమి చూసింది.

కేసెట్‌లో ఊపిరి ఇంకా రాలేదు.

“గీ కేసెట్ దుబాయికి పంపకుండ్రి,” అన్నాడు కొమురెల్లి, అందరివైపూ చూసి మెల్లగా. “రేపు మొదటి బస్సుకు గిది నాతోని కరీంనగర్ గుండె డాక్టర్ దగ్గరికి వస్తది.”