తొలి ముక్క

జగ్గయ్య బెల్లం పొయ్యిలోకి పాత టైరు తొయ్యబోతే, భార్య రాజులమ్మ అడ్డంగా నిలబడింది.

"తప్పుకోయే! చెరుకు పిప్పి తడిసిపోనాది. మంట ఆగితే పాకమంతా పాడైపోతాది."

"రెండెండలు కాస్తే పిప్పి ఆరదా? పిప్పయితే ఏటేటా మన చేనే ఇస్తాది. కాలిపోయిన టైరు మళ్లీ మొలుస్తాదేటి?"

"నీ పాఠాలు బళ్లో సెప్పుకో!" ఆమెని పక్కకి నెట్టి, టైరు తోసేశాడు.

నల్లపొగ పాకం ఉడికే పెనాన్ని కమ్మేసింది.

బెల్లం దిగాక, ఎప్పట్లాగే నూకాలమ్మ తల్లికి నైవేద్యంగా తొలి ముక్క తీసి భార్యకి అందించాడు. రాజులమ్మ చేతులు వెనక్కి పెట్టుకుంది.

"ఈ కంపు అమ్మవారికి నాను పెట్టను. నువ్వే పెట్టుకో."

నైవేద్యం వాసన చూడకూడదని తెలిసీ, జగ్గయ్య ఆ ముక్కని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. టైరు కంపు గుప్పుమంది.

"ఏటలా సూస్తావు? ఎండొచ్చింది. పిప్పి ఆరబెట్టు!" అని కసిరి, మిగిలిన టైర్లు బయటికి దొర్లించాడు.