కాగితం ఫోను

"నాన్నా, ఇది ఫోను అనుకో. ఎక్కడ తాకాలనిపిస్తే అక్కడ తాకు. నేను మాత్రం నోరు విప్పను."

కూతురి చేతిలో ఉన్నది చెక్క చట్రం. కార్పెంటరైన నాన్నే పొద్దున పది నిమిషాల్లో కోసి, అంచులు నున్నగా రుద్ది ఇచ్చాడు. అందులోకి పక్కనుంచి ఒక్కో కాగితం తోస్తే ఒక్కో తెర వచ్చినట్టు. ఫోనులో అసలు ఆట తయారు చేసేముందు ఇలా కాగితాల మీద ఎవరిచేతైనా ఆడించి, వీడియో తీయాలని కాలేజీలో లెక్చరరు నియమం. ఆడే మనిషికి పక్కవాళ్లు చిటికెన వేలితో కూడా సాయం చేయకూడదు. ఆ వీడియో రేపు చూపించకపోతే ప్రాజెక్టు అటకెక్కినట్టే. ఏడాది వృథా.

నాన్న ఆడగలిగితే లోకంలో ఎవరైనా ఆడగలరని ఆమె ధీమా. ఆయనకు ఫోనంటే ఎత్తడం, పెట్టేయడం. అంతవరకే. అలాగని లోకజ్ఞానం లేని మనిషేమీ కాదు. పొద్దున్నే అరగంట పేపరు తిరగేయనిదే టీ ముట్టడు.

మొదటి తెర మీద తప్పిపోయిన కోడిపిల్ల. కింద ఒకే ఒక్క వాక్యం. దాన్ని తాకితే చాలు, ఆట మొదలు.

నాన్న కోడిపిల్లను తాకాడు. తర్వాత దాని ముక్కును. ఆ తర్వాత మబ్బును.

కూతురు పెదవి కొరుక్కుంది. అక్షరాలు చిన్నవైపోయాయేమో! రెండింతలు చేసి మళ్లీ రాసింది. ఈసారి ఆయన చెట్టును తాకాడు.

బొమ్మలే దారి తప్పిస్తున్నాయని అన్నీ తీసేసి, ఉత్త అక్షరాలే ఉంచింది. నాన్న నుదుటి చెమట తుడుచుకున్నాడు. వేలు చాపి, మళ్లీ వెనక్కి తీసుకున్నాడు.

"రాత ముత్యాల్లా ఉందమ్మా" అన్నాడు.

"ఆయన్ని వదిలెయ్యవే! ఈమధ్య కళ్లు లాగుతున్నాయంటున్నారు" వంటింట్లోంచి అమ్మ గబగబా అరిచింది.

కూతురికి ఏడుపు ముంచుకొచ్చింది. వారం రోజులు తిండీ నిద్రా మానుకుని వేసిన ప్లాను. కన్నతండ్రినే మొదటి తెర దాటించలేకపోతోంది. ఇక ఆగలేకపోయింది.

"నాన్నా! 'ఆట మొదలుపెట్టడానికి ఇక్కడ తాకండి' అని ఇంత లావున రాశాను కదా! కనబడటం లేదా?"

నాన్న ముఖం చిన్నబోయింది. "కనబడుతోంది తల్లీ. నీ పరువు తీస్తున్నానేమో. ఇంకొక్కసారి పెట్టు. ఈసారి చూడు."

నోరు విప్పింది కాబట్టి ఆ వీడియో పనికిరాదు. చెరిపేసింది. చెల్లాచెదురైన కాగితాలు పోగేసి, కన్నీళ్లు తుడుచుకుంటూ పైనున్నది చట్రంలోకి తోసింది. వీడియో మళ్లీ మొదలుపెట్టింది.

నాన్న గొంతు సవరించుకున్నాడు. కళ్లజోడు పైకి నెట్టాడు. అక్షరాల కింద వేలు జరుపుతూ పైకే చదివాడు.

"ఆట... మొదలుపెట్టడానికి... ఇక్కడ... తాకండి."

సరిగ్గా అక్షరాల మీదే తాకి, కూతురి వైపు ఆశగా చూశాడు.

"సరిపోయిందా తల్లీ?"

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

కూతురు చట్రంలోకి చూసింది. ఏడుపులో తను తోసింది ఆఖరి తెర, దాని మీద ఉన్నవి రెండే మాటలు: 'ఆట అయిపోయింది.'