ఆదివారం భోజనాలు

“కొడుకువి నువ్వే వెనకాల నించుంటే ఏం బావుంటుంది గోపీ? ముందుకొచ్చి కూర్చో,” అంటూ తెలుగు సంఘం కార్యదర్శి శ్రీనాథ్ భుజం పట్టి కూర్చోబెట్టేశాడు. గోపీకృష్ణకి అటుపక్క తల్లి నాగమల్లేశ్వరి, ఇటుపక్క భార్య గీతాంజలి, ఎదురుగా దండ వేసిన తండ్రి ఫోటో. ఇక కదలడానికి లేదు.

సింగపూర్ బెడోక్‌లో తల్లిదండ్రులుండే బ్లాకు కింద, గోడల్లేని వాయిడ్ డెక్‌లో సంతాప సభ. పెళ్లయినా చావయినా ఆ బ్లాకువాళ్లందరికీ అదే హాలు. అనంతరామయ్యగారు పోయి నెల దాటింది. నిండు జీవితం. యూనివర్సిటీ ఆఫీసులో గుమాస్తాగా చేరి, డిప్యూటీ రిజిస్ట్రారుగా రిటైరైన మనిషి. రిటైరయ్యాక కూడా తెలుగు పిల్లలకి ఏ కష్టమొచ్చినా ముందు మోగేది ఆయన ఫోనే.

ఒక్కొక్కరే లేచి చెబుతున్నారు. హాస్టల్లో గది దొరక్క పెట్టెలతో రోడ్డున పడితే ఇంటికి తెచ్చి హాల్లో పడుకోబెట్టారని ఒకాయన. డెంగ్యూ జ్వరంతో ఆస్పత్రిలో చేరితే కన్నతండ్రిలా పక్కన కూర్చున్నారని ఇంకొకావిడ. ఇంత చేస్తూ కూడా రోజూ కొడుకుని దగ్గర కూర్చోబెట్టుకుని లెక్కలు చెప్పేవారని శ్రీనాథ్. ఎటు తిరిగినా చివరికి అందరూ వచ్చి ఆగేది మాత్రం ఆదివారం భోజనాల దగ్గరే.

“అంకుల్ ఇంట్లో గోంగూర పప్పు తినని తెలుగు స్టూడెంటు సింగపూర్లో ఉన్నాడా అసలు?” అన్నారెవరో. అందరూ నవ్వారు.

గోపీకృష్ణకి ఒళ్లు మండింది. వండిందెవరయ్యా? రమ్మని పిలవడం నాన్న వంతు, పొయ్యి దగ్గర నిలబడటం అమ్మ వంతు. తండ్రి మీద ప్రేమ లేక కాదు, ప్రాణమే. కానీ ఆదివారం వస్తే చాలు, తల్లి తెల్లవారకుండానే లేచి, చెమటలు కారుతూ, ఊరూ పేరూ తెలియని పిల్లలకి వడ్డిస్తూనే ఉండేది. ఒక్క సినిమా లేదు, ఒక్క షికారు లేదు. అమ్మని ఎప్పటికైనా ఆ వంటింట్లోంచి బయటపడెయ్యాలని చిన్నప్పుడే ఒట్టు పెట్టుకున్నాడు.

ఇన్నాళ్లకి వీలు కుదిరింది. పాయా లేబర్ దగ్గర తన ఫ్లాట్లో తల్లికి గది సిద్ధం చేశాడు. రంగులు కూడా వేయించాడు. బెడోక్ ఫ్లాటు అమ్మకానికి పెట్టాలని, చూడటానికి రేపు ఏజెంటుని రమ్మన్నాడు.

“అత్తయ్యని ఒక్కమాట అడిగారా?” అని గీతాంజలి ముందే అంది.

“అడిగాను. ‘నీ ఇష్టం నాయనా’ అంది.”

“అంటే సరేనన్నట్టేనా?”

“అమ్మ జన్మలో ఎవరినైనా కాదందా? కాదనడం చేతకాకేగా ఇన్నేళ్లూ నాన్న ఆడించినట్టల్లా ఆడింది. ఆవిడ తరఫున ఇప్పుడైనా మనమే గట్టిగా ఉండాలి.”



సభ అయిపోతుందనగా నిఖిల లేచింది. వరంగల్ పిల్ల, యూనివర్సిటీలో రీసెర్చ్ చేస్తోంది. మైకు అందుకుంది.

“నాకు స్పీచులు రావు. ఒక్కటే అడుగుత. అంకుల్ పేరు మీద ఆదివారం భోజనాలు ఆగొద్దు. కూరగాయలు మేం తెస్తం, గిన్నెలు మేమే కడుగుతం. ఆంటీ కూసోని చెప్తే చాలు. ఆంటీ ఈ ఇల్లు ఇడిచి యాడికీ పోవద్దు. గోపన్నా, ఒప్పుకుంటవా?”

చప్పట్లు మోగిపోయాయి. నిఖిల నేరుగా వచ్చి మైకు గోపీకృష్ణ చేతికిచ్చింది. సభలో ఉన్న కళ్లన్నీ అతని మీదే.

గోపీకృష్ణ తల్లి వైపు చూశాడు. ఆవిడ తల వంచుకుని, చెంగుతో కళ్లు ఒత్తుకుంటోంది. ఎంత పని చేశారు వీళ్లు. కాస్తలో బయటపడేది, మళ్లీ తీసుకెళ్లి అదే వంటింట్లో పెట్టి తలుపేస్తున్నారు.

“అమ్మా, వద్దని ఒక్కమాట అను చాలు. మిగతాది నేను చూసుకుంటా,” అన్నాడు చెవిలో.

“ఇంతమందిలో ఎలా కాదంటాన్రా?” అంది ఆవిడ, గొంతు బయటికి రాకుండా.

“పోనీ నేనంటా.”

“మీ నాన్న ఫోటో ముందరా? నలుగురూ ఏమనుకుంటారు నాయనా?”

వెనక వరసలోంచి కూతురు శ్రీజ వీపు మీద పొడిచి, సింగపూర్ యాసలో గొణిగింది. “డాడీ, జస్ట్ సే యెస్ లా. అందరూ చూస్తున్నారు.”

గోపీకృష్ణ మైకు నోటి దగ్గర పెట్టుకున్నాడు. “అలాగే,” అన్నాడు. ఆ మాట తనదిలా అనిపించలేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి. తండ్రిని తలుచుకుని ఏడుస్తున్నాడనుకుని అందరూ ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టారు. కూర్చుంటూనే ఏజెంటుకి రావద్దని మెసేజ్ పెట్టాడు.

భోజనాలు మొదలయ్యాయి. నిఖిల లిఫ్టు వైపు వెళ్తుంటే వెనకే వెళ్లి ఆపాడు.

“మీకు వండిపెట్టే మనిషి కావాలి. అంతేగా?”

“అట్ల కాదన్నా...”

“ఇంకెట్లా? ముసలావిడ. నోరు తెరిచి కాదనలేదని మీ అందరికీ తెలుసు. తెలిసి తెలిసి నలుగురిలో ఇరికిస్తావా? మీ అమ్మనైతే ఇలాగే చేస్తావా?”

నిఖిల కళ్లలో నీళ్లు నిండాయి. అటు చూసింది. నాగమల్లేశ్వరి ఎవరో పిల్లాడి ఆకులో పెరుగు వడ్డిస్తోంది.

“నీకు చెప్పొద్దని ఒట్టేయించుకున్నదన్నా,” అంది చిన్నగా.

“ఎవరు? ఏం చెప్పొద్దని?”

“అందరి ముంగట నన్నట్ల అడగమన్నదే ఆంటీ.”