ఏడు వేల అడుగుల మందు

బీపీ మిషన్‌లో నూట ఇరవై చూసి మేనేజర్ జశ్వంత్ కుర్చీలోంచి ఎగిరినంత పని చేశాడు.

"చూశారా డాక్టర్‌గారూ! ఏడు వేల అడుగుల ఎత్తు. పది రోజులూ కొండల్లో నడకే నడక. ఆ గాలే వేరండి!"

ఆఫీసు క్లినిక్ డాక్టర్ శ్రీలత పొద్దున చూసినవాళ్ల చీటీలు తిరగేసింది. "మీ టీముల పన్నెండు మందికి గూడ బీపీ తగ్గింది సార్. వాళ్లను గూడ తోల్కపోయిండ్రా?"

"అబ్బే, వాళ్లంతా ఇక్కడే, ఆఫీసులోనే ఉన్నారండి. కొండమీద సిగ్నలే లేదు. పదిరోజులూ వాళ్లకి ఒక్క ఫోనైనా చేయలేకపోయాను, పాపం!"

శ్రీలత తలూపి, మందుచీటీ రాసిచ్చింది: 'కొండల్లో నడక, ఇంకో నెల.'

"నాకు తగ్గిపోయిందిగా, మళ్లీ ఎందుకండీ?"

"ఇది మీకు గాదు సార్, మీ టీముకు."